నూనె పోసిన ఐసుగడ్డ

1974 మే పందొమ్మిది, ఆదివారం. కిరందుల్‌లో ఉదయం ఎనిమిది గంటలకే ఎండ చురుక్కుమంటున్నది. కొండ మీద మబ్బు పట్టినా చినుకు రాలలేదు. గాలి వీచినప్పుడల్లా గనుల ఎర్రధూళి ఆరేసిన బట్టల మీద వాలుతున్నది.

గని పనివారి మెస్సులో తిరుపతమ్మ వంటకు చేరి నేటికి పద్నాలుగో రోజు. తర్లగూడ నుంచి వచ్చిన ఆమె పనిని పదిహేను రోజులు చూసి, నచ్చితేనే ఉంచుకుంటానన్నాడు మేనేజరు చక్రధరరావు. ముందటి రోజు ఆయనే అడిగాడు.

"రేపు విందుంది. మామిడిపండ్ల ఐస్‌క్రీం చేయడం వచ్చా అమ్మా?"

"వచ్చు సారూ. రెండు డబ్బాలు చేస్త."

ఆమె అంతవరకు ఐస్‌క్రీం తిననైనా తినలేదు.

జగదల్‌పూర్ నుంచి రంపపుపొట్టు కప్పుకొని ఐసుగడ్డ లారీలో దిగింది. గిన్నెలు తోమే సుక్కి ఒకప్పుడు ఇంజనీరు ఇంట్లో పనిచేసింది. హల్బీ భాష మాట్లాడే మనిషి, తెలుగు మెస్సులోనే నేర్చింది. తిరుపతమ్మ ఆమెనే ఆశ్రయించింది.

"పాలు సగమయ్యేదాక మరగపెట్టు. చల్లారినంక చక్కెర, పండ్ల గుజ్జు కలిపి మూత డబ్బాల పొయ్యి. డబ్బాను బాల్టీల పెట్టి చుట్టూ బరఫ్ కొట్టి ఎయ్యి. దాంట్ల నూన్ బాగ ఏసి తిప్పుతనే ఉండు," అని చెప్పి సుక్కి నీళ్లకు పోయింది.

నువ్వుల నెయ్యి మన నోట నూనె అయింది. సంస్కృత లవణం ఉత్తరాది నోళ్లలో అరిగి అరిగి నూన్ అయింది. ఈ రెండు మాటలకు చుట్టరికం లేదు, పోలిక మాత్రం కవలలంత. వ్యాకరణం చదివినవారికైనా వంటింటి తొందరలో వ్యుత్పత్తులు గుర్తుకు రావు.

ఐసు మీద నూనె ఏమిటని తిరుపతమ్మకు వింతగానే తోచింది. కాని మళ్లీ అడిగితే తనకు రాదని బయటపడుతుంది. సగం ఐసు కొట్టి, శేరు నూనె పోసి, గంటసేపు డబ్బా తిప్పింది. చేతులు జిడ్డయ్యాయి గాని పాలు పాలలాగే ఉన్నాయి.

సుక్కి వచ్చి బిందె దించి బాల్టీలోకి చూసింది.

"ఏంది అక్కా, బరఫును వేపుతున్నవా?"

"నువ్వే గద నూనె అన్నవు."

"నూన్ అన్న," అంటూ సుక్కి ఉప్పుజాడీ చూపించి, నవ్వు ఆగక గోడకు జారగిలబడింది.

"నవ్వు తర్వాత. లే."

మిగిలిన ఐసులో గళ్లుప్పు చల్లి ఇద్దరూ వంతులేసుకొని తిప్పారు. డబ్బా అంచులకు పట్టినదాన్ని మాటిమాటికి గరిటెతో గీకి కలిపారు. ముప్పావు గంటకు గరిటె నిలబడింది. కాని ఒక్క డబ్బాతోనే ఐసు అయిపోయింది.

విందులో మనిషికి అర గ్లాసే వచ్చింది.

"రుచి బాగుంది. రెండో డబ్బా ఏదమ్మా?" అన్నాడు చక్రధరరావు.

"బరఫ్ లారీలనే కరిగి..." అని సుక్కి అందుకోబోయింది. తిరుపతమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"సగం ఐసు మీద నూనె పోసిన సారూ. నాకు చేయరాదు. సుక్కి చెప్తె చేసిన."

ఆయన గ్లాసు అడుగు గీకాడు.

"ఆ నూనె ఏం చేశావు?"

"నీళ్లు వంచి దాచిన."

"రేపు కాచి బజ్జీలు వెయ్యి. ఎల్లుండికి పులిహోర."

ఎల్లుండి అంటే పదహారో రోజు. తిరుపతమ్మ వేళ్లు మడిచి రెండుసార్లు లెక్కపెట్టుకున్నది.

పదిహేనేళ్లు ఆ మెస్సులోనే వండి, ఆమె ఊరు చేరింది. 1993లో సుక్కి పేరిట మెస్సుకు ఒక కార్డు వచ్చింది:

"సుక్కికి తిరుపతమ్మ రాయించేది. మంచిగున్నవా? మనుమరాలి పెండ్లికి ఐస్‌క్రీం చేసిన. తెల్వనిది ఇప్పుడు రెండుసార్లు అడుగుతున్న. మా ఊరి దిక్కు భోపాలపట్నం దుకాణంల నూన్ కావాలన్న. ఉప్పే ఇచ్చిండు."