చివరి వరుసలో లేని తప్పు

ఆ మధ్యాహ్నం ఫిలింనగర్‌లోని ఎడిటింగ్ గదిలో ఉన్నవి: రెండు మానిటర్లు, షూటింగ్ నుంచి వచ్చిన హార్డ్ డిస్క్, సెట్లో రాసిన షాట్ల రిపోర్టు, ఎవరూ తగ్గించడానికి సాహసించని ఏసీ. ఉన్నవాళ్లు: భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఎడిటర్ గారు, కృష్ణానగర్‌లో కిరాయికుండే ఆయన అసిస్టెంటు, ఇంజినీరింగ్ చదివి కొత్తగా చేరిన నేను.

కెమెరా ఫైళ్లకి తనకు తోచిన పేర్లు పెడుతుంది. వాటిని షాట్ల రిపోర్టు చూసి సీను, షాటు, టేకు ప్రకారం మార్చాలి. పనికిరాని టేకుల్ని ఎన్‌జీ అంటారు, అవి వదిలేయాలి. చేత్తో చేస్తే సాయంత్రం దాటుతుంది. రూబీ అనే కంప్యూటర్ భాషలో చిన్న ప్రోగ్రాం రాస్తే నిమిషంలో అయిపోతుందని గొప్పగా చెప్పింది నేనే. నాలుగింటికి డైరెక్టర్ గారు వస్తారు.

"ఏవయ్యా ఇంజినీరూ, ఇదైతే ఉంటావు. అవ్వకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నారు ఎడిటర్ గారు, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే.

ప్రోగ్రాంలో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులు, ఒకదాని లోపల ఒకటిగా మూడు: సీన్లకి, షాట్లకి, టేకులకి. రూబీలో లూపు తెరిచినా, షరతు తెరిచినా 'ఎండ్' అని రాసి మూయాలి. నడిపాను. ఫైలు అయిపోయింది, ఒక 'ఎండ్' తక్కువైంది అని ఎర్రర్ వచ్చింది. చూపించిన చోటు ఆఖరి వరుస. అక్కడ తప్పేమీ కనబడలేదు.

"ఏందంటన్నా?" అన్నాడు అసిస్టెంటు.

"ఎక్కడో ఒకటి మూయలేదంటోంది."

"గంతేనా! షాటు మొదట్ల క్లాప్ కొట్టుడు మరిస్తే ఏంజేస్తరు? ఆఖర్ల బోర్డు తలకిందులు పట్టి కొడ్తరు. నువ్వు గూడ ఆఖర్ల ఒకటి కొట్టెయ్."

సెట్లో ఆ పద్ధతి ఎప్పుడూ పనిచేస్తుంది. చివరి క్లాప్ పట్టుకుని శబ్దాన్నీ బొమ్మనీ కలిపేస్తాం. అదే నమ్మకంతో అట్టడుగున ఒక 'ఎండ్' చేర్చాను. ఎర్రర్ పోయింది. ప్రోగ్రాం నోరెత్తకుండా ముగిసింది.

"అయిపోయింది సార్," అన్నాను.

ఎడిటర్ గారు ఫోల్డర్ తెరిచారు. "ఏంటయిపోయింది? పేర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయిగా! మూడు దాటిందయ్యా."

"చేత్తోనే చేద్దాం పా అన్నా, నేను చదువుత, నువ్వు కొట్టు," అన్నాడు అసిస్టెంటు. జాలిపడ్డాడని అర్థమైంది.

"ఇంకొక్కసారి," అన్నాను. వదలదలుచుకోలేదు. ముందు ఆ అదనపు 'ఎండ్' తీసేశాను. ఎర్రర్ మళ్లీ వచ్చింది. తప్పు దాక్కోవడం కన్నా ఎర్రర్ కనబడడమే మంచిదనిపించింది. వరుసలన్నీ మెట్లు మెట్లుగా జరిపి, అన్నిటికన్నా లోపలి లూపు నుంచి బయటికి, ఏది ఎక్కడ తెరిచానో ఎక్కడ మూశానో జత కలుపుకుంటూ వచ్చాను.

టేకుల లూపులోనే దొరికింది. 'టేకు ఎన్‌జీ అయితే తర్వాతదానికి వెళ్లు' అన్న షరతు తెరిచి, మూయకుండా వదిలేశాను. రూబీ మాత్రం లూపు కోసం రాసిన 'ఎండ్' తీసుకెళ్లి ఆ షరతుకిచ్చింది. దాంతో పేరు మార్చే వరుస షరతు లోపల ఇరుక్కుంది. ఎన్‌జీ టేకు ఆ వరుస దాకా రాదు, మంచి టేకు అసలు షరతులోకే పోదు. అడుగున నేను పెట్టిన 'ఎండ్' లెక్క సరిచేసి తప్పుని దాచింది. రూబీలో మూయడం మాత్రమే చాలదు, మూయాల్సిన చోటే మూయాలి.

షరతు కిందే 'ఎండ్' రాసి నడిపాను. పేర్లు కళ్లముందే మారాయి. ఎడిటర్ గారు మధ్యలోంచి ఒక షాటు తెరిచి, క్లాప్ బోర్డు మీది నంబరుతో పోల్చుకున్నారు. ఇంకోటి తెరిచారు. కింద కారు ఆగిన చప్పుడైంది.

"రేపు తొమ్మిదింటికి వచ్చెయ్యి," అన్నారు.

పేరు మారిన ఫైళ్లు 212. వదిలేసిన ఎన్‌జీలు 87.