రెండు మిల్లీ ఆంపియర్లు, చారెడు నూనె

కరెంటు అన్న మాటకు మా ఇంట్లో రెండు అర్థాలు. నాకు అది కూడు పెట్టిన మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇరుకు సందులో ముందు రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసి బతికాను. చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాదంతా ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నదే. నా భార్యకు మాత్రం కరెంటు అంటే మా మేనమామ.

మా పెళ్లయిన కొత్తలో, నల్లగొండ దగ్గర మా ఊళ్లో, ఆయనకు మనాది పట్టింది. అన్నం మానేశాడు, మాట మానేశాడు, గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. పట్నం తీసుకుపోయి పెద్ద దవాఖానలో చూపించారు. ‘మంచానికి కట్టేసి కరెంటు పెట్టిండ్రట’ అన్న మాట ఆయనకంటే ముందే ఊరు చేరింది. ఆయన తిరిగొచ్చి పదేళ్లకు పైగా వ్యవసాయం చేశాడు, ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు చేశాడు, బావిలో పూడిక తీయించాడు. ఈ సంగతి ఇప్పుడు ఊళ్లో ఒక్కరికీ గుర్తు లేదు. కట్టేసిన సంగతే గుర్తుంది. మనుషుల జ్ఞాపకం మీద నాకు అందుకే కోపం. భయపెట్టినదాన్ని దాచుకుంటారు, బాగుపడినదాన్ని పారేస్తారు.

అలాంటి జ్ఞాపకం మోస్తున్న నా భార్య, తన నెత్తికి తానే కరెంటు పెట్టుకుంది. ఆ ధైర్యం గురించి రాద్దామనే ఇది మొదలుపెట్టాను.

ఆమె నాతో రోజుకు నాలుగుసార్లు కొట్లాడే మనిషి. కూర బాగుందంటే ఎందుకన్నానని, అనకపోతే ఎందుకు అనలేదని. రెండేళ్ల కింద ఆ కొట్లాట తగ్గుతూ వచ్చింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను మొదట సంతోషపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. తర్వాత ఆమె సరూర్‌నగర్ చెరువు దిక్కు నడకకు పోవడం మానేసింది, స్నానానికి లేవడం మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది. రెండు వీధుల అవతల ఉండే మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చున్నా, గోడవైపే చూసేది.

చూడవచ్చినవాళ్లంతా ఒకటే అడిగేవారు. ‘ఏం తక్కువైందక్కా నీకు? సొంత ఇల్లు, మంచి మొగడు.’ పక్కింటామె మూడోసారి అదే అడిగినప్పుడు నేను ఊరుకోలేకపోయాను.

“నీ మోకాలు అరిగింది గదమ్మా. ఏం తక్కువైందని అరిగింది?” అన్నాను.

ఆమె రెండు నెలలు మా గడప తొక్కలేదు. నష్టమేమీ కాలేదు.

చివరికి మానసిక వైద్యురాలికి చూపించాం. ఆ డాక్టరమ్మ ఇచ్చిన మొదటి మాత్రలకు రక్తంలో ఉప్పు పడిపోయి, నా భార్య బాత్రూంలో జారిపడింది. మార్చి ఇచ్చినవాటికి తల తిరుగుడు. మూసారాంబాగ్ దగ్గర ఆమె క్లినిక్‌లో ఒకరోజు డాక్టరమ్మ, తలకు సన్నగా కరెంటు పంపే చిన్న యంత్రం ఒకటి బల్ల మీద పెట్టి నెమ్మదిగా చెప్పింది.

“మందులు ఈవిడకి పడటం లేదండి. ఇది ఇంట్లోనే పెట్టుకునేది, వాడకం అయ్యాక మాకు తిరిగి ఇచ్చేయాలి. అందరికీ పనిచేస్తుందని నేను మాటివ్వలేను. మూడు వారాలు చూద్దాం. మార్పేమీ రాకపోతే మాత్రం ఆస్పత్రిలో చేర్చాల్సి ఉంటుంది.”

చేర్చడం అన్న మాటకు నా భార్య తలెత్తింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతు విన్నాను.

“మీ మామ లెక్క కట్టేస్తరా?” అని నన్ను అడిగింది, డాక్టరమ్మను కాదు.

నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ జవాబిచ్చింది. “ఎవరూ కట్టరమ్మా. ఆస్పత్రుల్లో కూడా ఇప్పుడు ఆ రోజులు లేవు. ఇదైతే మీ కుర్చీలో కూర్చుని, టీవీ చూస్తూ పెట్టుకోవచ్చు. వద్దనిపిస్తే మీ చేత్తో మీరే తీసేయొచ్చు.”

“రెండు మిల్లీ ఆంపియర్లే,” అన్నాను నేను. “మన పాత టార్చిలైట్ల బల్బుకు పోయేదాంట్ల వందో వంతు కూడ లేదు.”

ఆమె నన్ను చూసింది, యంత్రాన్ని చూసింది. చెయ్యి చాపి తీసుకుంది. దవాఖానలో చేర్చకుండా ఉండటానికి ఆమె దగ్గరున్న దారి అదొక్కటే. దాన్ని తానే పట్టుకుంది.

చూడటానికి కుర్రాళ్లు పాటలు వినే పట్టీలాగే ఉంటుంది. నుదుటి పైభాగాన, జుట్టు మొదలయ్యే చోట ఆనేలా రెండు స్పాంజి బిళ్లలు. వాటిని ఉప్పునీళ్లలో తడపాలి. ఫోన్లో నొక్కితే మొదలవుతుంది, అరగంటకు ఆగుతుంది. వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు సెలవు. కరెంటును ఒక్కసారిగా వదలదు, మెల్లగా ఎక్కిస్తుంది, మెల్లగా దించుతుంది. తడి ఆరినా, పట్టు తప్పినా తనంతట తానే ఆగిపోతుంది. మనిషి తలకు కరెంటు పెట్టేటప్పుడు ఎంత మర్యాదగా ఉండాలో అంత మర్యాదగా ఉంది. అడ్డగోలు సర్క్యూట్లు నేను జీవితంలో ఎన్నో చూశాను. దీన్ని చేసినవాళ్లు ఎవరో గాని, పని తెలిసినవాళ్లు.

ఇంటికి తెచ్చిన సాయంత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. నా చెయ్యి స్క్రూడ్రైవర్ డబ్బా వైపు పోయింది.

“ఇప్పకు,” అన్నది మంచం మీదినుంచి.

ఒక్క మాట. నేను డబ్బా మూసేశాను.

ఇక నా పని గురించి చెప్పాలి. ఆమె తల దువ్వుకోవడం మానేసిన నాటినుంచి రోజూ పొద్దున నేనే నూనె రాసి దువ్వుతున్నాను. జుట్టు అట్టలు కట్టి ఉండేది. వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్టలు తెగకుండా విప్పిన చేతులు నావి. ఆ ఓపికంతా అక్కడ పెట్టాను. ఇన్నేళ్ల కాపురంలో పగటిపూట ఆమె జుట్టు ముట్టుకున్నవాణ్ణి కాదు. అరచేతినిండా కొబ్బరినూనె పోసి మాడుకు పట్టిస్తుంటే ఆమె కళ్లు మూసుకునేది. రోజు మొత్తం మీద ఆమె ముఖం వదులయ్యేది ఆ పది నిమిషాలే. అది నావల్లే అవుతోందని నాకు లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

నూనె రాసి, దువ్వి, జడ వేసి, ఆ తర్వాత యంత్రం పెట్టేవాణ్ణి.

క్లినిక్‌లో నేర్పిన రోజు చక్కగా నడిచిన యంత్రం మా ఇంట్లో మూడు నిమిషాలకు ఆగిపోయేది. మళ్లీ పెడితే రెండు నిమిషాలు. ఎర్ర దీపం, ఇంగ్లీషులో ఒక ఆడగొంతు. స్పాంజి ఇంకా తడిపాను. పట్టీ బిగించాను. వైర్లు మీటరుతో చూశాను, బాగానే ఉన్నాయి. ఎనిమిది రోజులు ఇదే వరస. ఒక్కరోజూ అరగంట పూర్తి కాలేదు. మూడు వారాల గడువులో సగం ఇట్లా పోతుంటే, ఆగిన ప్రతిసారీ ఆమె ‘అయిందా’ అన్నట్టు చూసి గోడవైపు తిరిగేది.

యంత్రంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీసి అక్షరం అక్షరం చదివాను. ఒకచోట ‘హెయిర్ ప్రొడక్ట్స్’ వాడవద్దని ఉంది. ప్రొడక్ట్ అంటే ఉత్పత్తి అని డిక్షనరీ చెప్పింది. టీవీలో చూపించే రంగులు, జిగురు సీసాలు అనుకున్నాను. మా ఇంట్లో అలాంటివి లేవు గనక ముందుకు పోయాను.

తొమ్మిదో రోజు క్లినిక్‌కు ఫోన్ చేశాను. యంత్రం వాడకం నేర్పిన అమ్మాయే ఎత్తింది. మాట గుంటూరు వైపుది. నేను ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తిట్టాను. మీరు ఇచ్చింది పాడైన సరుకు, ముసలివాళ్లమని అంటగట్టారు, ఇట్లాంటి సెట్లు వేలు చూసినవాణ్ణి అన్నాను. ఆ పిల్ల అంతా విన్నది.

“అయిపోయిందా అంకుల్? ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఆంటీ తలకి నూనె రాసుకుంటున్నారా?”

“రాసుకోకుండ ఎట్లుంటరమ్మా? నేనే రాస్తున్న, రోజూ.”

“ఎంతండీ?”

“చారెడు.”

ఆ మాట నా నోటినుంచి వస్తుండగానే నాకు తెలిసిపోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె ఎందుకు పోస్తారని అడిగిన ప్రతివాడికీ, కరెంటును దాటనీయకుండా ఆపడానికి అని చెప్పినవాణ్ణి నేను. అదే నూనె నా చేత్తో ఆమె నుదుటికి కారేలా పట్టించి, కరెంటు ఎందుకు పోవడం లేదని యంత్రాన్ని తిడుతున్నాను.

“అంకుల్, ఉన్నారా?”

“ఉన్న. యంత్రం మంచిదేనమ్మా.”

“పోనీలెండి. షాంపూతో బాగా కడిగేసి, తల ఆరాక పెట్టండి. ఇక నూనె మానేయండి.”

మానేయమనడం తేలికే. ఉన్న ఒక్క సుఖం తీసేస్తే ఆమెకు ఏం మిగులుతుంది? ఆ పిల్లకు అదే చెప్పాను, ఈసారి గొంతు తగ్గించి. ఆమె ఆలోచించి, “శని ఆదివారాలు సెలవే కదండీ. శనివారం మీ ఇష్టం వచ్చినంత రాయండి. ఆదివారం తలంటేయండి,” అన్నది. ఆ జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. నేను తిట్టిన పిల్ల నా భార్యకు వారానికి ఒక శనివారం మిగిల్చింది.

మర్నాడు బాత్రూంలో స్టూలు వేసి కూర్చోబెట్టి తల కడిగాను. రెండుసార్లు కడిగినా జిడ్డు వదలలేదు. మూడోసారికి వెంట్రుకలు చేతికి గరగరలాడాయి. తల ఆరబెట్టి యంత్రం పెట్టాను. మూడు నిమిషాలు దాటింది. పది దాటింది. “చీమలు పాకినట్టున్నది,” అన్నది. అలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అరగంటకు ఆకుపచ్చ దీపం వెలిగింది. నేను కుర్చీ చెయ్యి పట్టుకునే ఉన్నాను అంతసేపూ.

జరిగింది డాక్టరమ్మ దగ్గర దాచలేదు. ఆమె నవ్వలేదు, తప్పు పట్టలేదు. “అవి లెక్కలోకి రావండి. మూడు వారాలు ఇక్కణ్ణుంచి మొదలు,” అన్నది. గడువు నిండేసరికి నా భార్య స్నానానికి తనంతట తాను లేస్తోంది. చేర్చే మాట అప్పటికి పక్కకు పోయింది, యంత్రం కొనసాగించమన్నారు.

ఆరో వారం, శనివారం పొద్దున. నేను నూనె సీసా, దువ్వెన తీసుకుని ఆమె వెనక పీట వేసుకున్నాను. ఆమె కళ్లు మూసుకోలేదు. వెనక్కి చెయ్యి చాపింది.

“ఇటు తే.”

“నేను రాస్త గదా.”

“నువ్వు రాస్తె మెడల దాక కారుతది. మెత్త గలీబు చూసినవా ఎట్లయిందో? ఆర్నెల్ల సంది చూస్తున్న, చెప్తనికె పానం ఒప్పలె.”

“చూస్తున్నవా?”

“కండ్లు పోయినయా నాకు? ఇంకోటి, నాకు కొబ్బరినూనె పడదు. మా అవ్వగారింటి కాడి నుంచి నువ్వుల నూనెనే. ఇన్నేండ్లు నా పక్కన పండుకున్నవు, వాసన తెల్వదా?”

నేను సీసా ఇచ్చేశాను. ఆర్నెల్లు ఆమె ఏదీ చూడటం లేదనే అనుకున్నాను. దిండు మరక కూడా చూసింది. అంత బరువు కింద పడుకుని, నా తప్పు నూనెను ఓర్చుకుంది. నా ఓపిక అనుకున్నది నిజానికి ఆమె ఓపిక. ఆ పొద్దున ఇంకో రెండు విషయాల మీద కూడా కొట్లాడింది. రెండిట్లోనూ తప్పు నాదే.

పూర్తిగా వెనకటి మనిషి అయిందని చెప్పను. కొన్ని పొద్దులు ఇంకా బరువుగానే లేస్తుంది. యంత్రం చేసిందా, కాలం చేసిందా, శనివారాలు చేశాయా అంటే డాక్టరమ్మే తేల్చి చెప్పలేదు, నేనెవణ్ణి. ఆమె మాత్రం ఒక్కరోజు కూడా తప్పకుండా ఆ పట్టీ పెట్టుకుని కూర్చుంది. మా మామను తలుచుకుంటూనే కూర్చుందని తర్వాత చెప్పింది.

మొన్న యంత్రం తిరిగి ఇచ్చే రోజు వచ్చింది. తుడిచి డబ్బాలో సర్దుతున్నాను.

“గిది ఇంకోలింటికి పోతది గదా,” అన్నది. “ఆల్లింట్ల నీ అసొంటోడు ఉంటె?”

నాకు కోపమంతా మళ్లీ గుర్తొచ్చింది. అంత మంచి యంత్రం చేసినవాళ్లు ఒక్క తెలుగు ముక్క రాయలేకపోయారు. కాగితం, స్కెచ్ పెన్ను తెచ్చుకుని డబ్బా మూత లోపల అంటించడానికి పెద్దక్షరాలతో రాశాను. తలకు నూనె రాయవద్దు. కొబ్బరినూనె కూడా వద్దు.

ఆమె నా భుజం మీదుగా చదివింది.

“నువ్వుల నూనె కూడ రాయి. ఆముదం రాయి.”

రాశాను.

“శనారం రాస్కోవచ్చని రాయి. లేకుంటె పరేషాన్ అయితరు.”

అదీ రాశాను.