అర చెంచా

మా బావ కళ్ళు పోతున్న సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకి, కళ్ళ డాక్టరుకి, నాకు. నాలుగో మనిషికి తెలిస్తే ఆయన పని పోతుంది. అందుకని ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నా నోట్లో ఏ మాటా దాగదని తెలిసి కూడా వేయించుకున్నాడంటే, ఆయనకి ఇంకో దారి లేదన్నమాట.

బావ అంటే మా అక్క మొగుడు. అక్క పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన ముప్పై నాలుగేళ్ళుగా ఒకే అచ్చు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. అచ్చుకి వెళ్ళే కాగితం ఏదైనా ముందు ఆయన చదివి, తప్పులు దిద్ది, కింద "సరే" అని రాయాలి. ఆ సరే పడ్డాక ఇంక ఎవరూ చూడరు, కాగితం నేరుగా మిషను మీదికి పోతుంది. ఊళ్ళో అందరూ ఆయన్ని ఒత్తులాయన అనేవారు. ఒకసారి మేం ముగ్గురం రైల్లో వెళ్తుంటే, ఏదో స్టేషను బోర్డు మీద ఒక ఒత్తు తక్కువైందని దిగి స్టేషను మాస్టరుతో వాదనకి కూర్చున్నాడు. రైలు మా అక్కనీ, పెట్టెల్నీ, నన్నూ తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న ఇంటికి చేరాడు. ఒత్తు పెట్టించాకే కదిలానన్నాడు. ఆ బోర్డు రాసే మనిషిని నిద్రలేపి నిచ్చెన ఎక్కించాడని నేను పదిమందికి చెప్పాను. నిచ్చెన సంగతి నేను కలిపిందే.

నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. సిస్టర్లు కర్ర పట్టుకుని ఇంగ్లీషు స్పెల్లింగులు నేర్పారు గానీ తెలుగు జోలికి పోలేదు. నాకు తెలుగు సరిగ్గా రాయడం నేర్పింది బావే. నా పక్కన కూర్చుని ప్రతి వరస కిందా కుడిచేతి చూపుడువేలు నడిపిస్తూ చదివేవాడు. అదే ఆయన పద్ధతి. వేలు నడుస్తుంటే అంతా బాగున్నట్టు, ఆగితే అక్కడ తప్పు ఉన్నట్టు. వేలు లేకుండా చదవమంటే ఆయనకి చదువే రాదు.

ప్రెస్సు వాళ్ళు అద్దె గది వదిలేసి ఊరి చివర షెడ్డులోకి మారాక, ప్రూఫులు సెల్‌ఫోనుకి రావడం మొదలైంది. చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా ఉండేవి. ఆయన చూపులో నడిమధ్య ఒక మసక మచ్చ ఏర్పడింది. అంచులు కనపడతాయి, ఎటు చూస్తే అదే కనపడదు. డాక్టరు ఇది తగ్గేది కాదని, మెల్లగా పెరుగుతుందని చెప్పాడు.

ఆయన కూతురు బస్సు టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. నాన్న ఫోనుని ముక్కుకి ఆనించుకుని చదవడం చూసి, ఫోను చిన్నదవడమే కారణమనుకుంది. ఒక సాయంత్రం పుస్తకమంత తెర ఒకటి కొనుక్కొచ్చింది. అట్టలా పలచగా ఉంది, వెనక మడత కాలు. ఫోనుకి ఒక వైరు పెడితే ఫోనులో ఉన్నదంతా ఆ తెర మీదికి వస్తుంది. తెరని తాకితే ఫోనుని తాకినట్టే. ఆయన పాత ఫోనుకి పెడితే ఏమీ రాలేదు. ఆ పిల్ల తన ఫోను ఆయనకిచ్చి, పాతది తను తీసుకుంది. ఫోను బలమంతా తెర తాగేస్తుంటే, ఇంకో వైరు తెచ్చి గోడకి పెట్టింది.

రెండు వేళ్ళు ఆనించి దూరం జరిపితే అక్షరం అరచెయ్యంత అయ్యేది. మొదటిరోజు బావ ఒక్క "క్ష"ని పది నిమిషాలు చూస్తూ కూర్చున్నాడు. చాలాకాలానికి ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత నెలా పదిరోజులు పని బాగానే సాగింది. పొద్దున్నే కిటికీ పక్క బల్ల మీద తెర నిలబెట్టి, వచ్చిన పేజీ తెరిచి, అందులోనే దిద్ది తిరిగి పంపేవాడు. నేను పంపే శుభోదయం బొమ్మలు పని మధ్యలో తెరంతా పరుచుకునేవి.

"ఏమోయ్, నీ గులాబీపువ్వు గుమ్మడికాయంతయి నా పేజీ మీద కూర్చుంది. ఇంకోసారి పంపావంటే నీ నంబరు తీసేస్తా" అనేవాడు.

ఒక్కటే చిక్కు. అక్షరం పెద్దదైతే ఒకేసారి రెండు మూడు మాటలకన్నా ఎక్కువ కనపడవు. వాక్యం మొత్తం ఎప్పుడూ కళ్ళ ముందు ఉండదు. ముక్కలు ముక్కలుగా చదివి తలలో అతికించుకోవాలి. ఇది ఆయన నాకు తర్వాత చెప్పాడు. అప్పట్లో మాత్రం తెర వచ్చాక అంతా హాయిగా ఉందనేవాడు. నేనూ నమ్మాను. నిజానికి నమ్మడం నాకు సులువుగా ఉంది.

గురువారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బల్ల మీద అచ్చయిన కాగితాలు అయిదారు ఉన్నాయి. పసిపిల్లల జలుబు మందు డబ్బాలో మడిచి పెట్టే కాగితం అది. ఎలా వాడాలో, ఎంత వాడాలో అందులో ఉంటుంది. డబ్బా మీద ఏమీ ఉండదు, అంతా కాగితంలోనే. ప్రెస్సు వాళ్ళు అలవాటు ప్రకారం నమూనాకి పంపారు. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయానని, కాస్త చదివి పెట్టమని అడిగాడు. కళ్ళజోడు ఆయన జేబులోనే ఉంది. నేను గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివేవాడిలా మొదలుపెట్టాను. చల్లని చోట ఉంచాలి, వాడేముందు సీసా కుదపాలి, మందు తాగాక పిల్లలకి మత్తుగా ఉండవచ్చు. చివరి వరసకి వచ్చాను.

"ఏడాది లోపు పిల్లలకు పూటకు ఆరు చెంచా."

చదివి నవ్వాను. "ఏం పిల్లాడు బావా ఇది? పూటకి ఆరు చెంచాల మందు తాగేవాడు ఈపాటికి నడుచుకుంటూ వెళ్ళి సీసా తనే కొనుక్కోడూ?"

బావ నవ్వలేదు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. అక్షరం అక్షరం చెప్పమన్నాడు. ఆ, రు. నేను రెండోది పలికేసరికే ఆయన చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి.

"అర" అన్నాడు. "అర చెంచా. కంపెనీ వాడు పంపింది అరే. నేను చూశాను, నాకు గుర్తుంది."

ఫోనుకి వైరు పెట్టించి, ఆ పేజీ మళ్ళీ తెరిపించాడు. ఏం జరిగిందో అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. పేజీ దిద్దేటప్పుడు తెర కింది సగంలో అక్షరాల పలక వస్తుంది. దాని నెత్తిన సన్నటి పట్టీ ఒకటి. మనం ఏ మాట దగ్గర ఉంటే దానికి దగ్గరి మాటలు ఆ పట్టీలో మూడు చూపిస్తుంది. ఒకదాన్ని తాకితే పేజీలోని మాట పోయి అది వచ్చి కూర్చుంటుంది. పేజీ చివరి వరస సరిగ్గా ఆ పట్టీకి పైన ఆగుతుంది. బావ ఆ వరసలో ఏదో చుక్క సరిచేసి, ఎప్పటిలాగే వరస కింద వేలు నడుపుతూ ఇంకోసారి చదివాడు. వరస కింద ఉన్నది కాగితం కాదు, పట్టీ. "అర" దగ్గర ఆయన వేలు "ఆరు"ని తాకింది. ఆ తర్వాత "సరే" అని పంపాడు.

"ఆరు తర్వాత చెంచాలు అని ఉండాలి కదోయ్" అన్నాడు. "అది కూడా నాకు కనపడలేదు."

పన్నెండు రెట్ల మందు. ఏడాది నిండని పిల్లకి, పూట పూటకీ.

నేను ఒక పనికిమాలిన మాట అన్నాను, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఫోన్లో ప్రెస్సాయనతో మిషను వాళ్ళ తప్పని చెప్పమన్నాను. బావ నా వైపు తిరిగాడు. ఆయన చూపు నా మొహం మీద కాకుండా చెవి పక్కకి పడింది, ఎందుకంటే అలా అయితేనే ఆయనకి నేను కనపడతాను. ప్రెస్సాయనకి ఫోను చేశాడు. తప్పు తనదేనని, కళ్ళు పాడై అయిదు నెలలయిందని, దాచిపెట్టానని, డబ్బాలు వెంటనే వెనక్కి రప్పించమని చెప్పాడు. అవతల ప్రెస్సాయన తిట్టలేదు. డబ్బాలు సోమవారమే షాపులకి వెళ్ళిపోయాయని, కంపెనీకి ఇప్పుడే చెబుతానని అన్నాడు. తర్వాత, ముందే చెప్పి ఉంటే వేరే పని చూసేవాణ్ణి కదండీ అన్నాడట.

సాయంత్రం కూతురు వచ్చాక ఆమెకీ చెప్పాడు. ఆ పిల్ల తెర వైపు చూస్తూ నిలబడిపోయింది.

"నేను కొనకపోయినా బాగుండేది నాన్నా."

"దాన్నేమీ అనకమ్మా. తాకితే మార్చమని దానికి నేర్పారు, మార్చింది."

శనివారానికి డబ్బాలన్నీ తిరిగొచ్చాయి, ఒక్కటి తప్ప. కూరగాయల బజారు మూల మీది చిన్న మందుల షాపులో ఒక డబ్బా అమ్ముడైంది. మేమిద్దరం వెళ్ళాం. షాపు నడిపే ఆవిడకి కొన్న మనిషి గుర్తుంది గానీ ఎవరో తెలియదు. భుజం మీద పిల్లని వేసుకుని వచ్చింది, పిల్ల ముక్కు కారుతోంది, మందు తీసుకుని వెళ్ళింది. అంతే. బుధవారం సంగతి.

షాపు తలుపు మీద పెద్ద అక్షరాల కాగితం అతికించాం. బావ చెబితే నేను రాశాను, కూతురు సరిచూసింది. ఆసుపత్రులు రెండూ తిరిగాం. అలాంటి పిల్ల ఎవరూ రాలేదన్నారు. రాలేదంటే బాగున్నట్టే కదా నాన్నా అంది కూతురు. వాళ్ళు ఈ ఊరివాళ్ళని ఎక్కడుందమ్మా అన్నాడు ఆయన.

మర్నాటి నుంచి బావ పొద్దున్నే వెళ్ళి ఆ షాపు మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మనుషుల మొహాలు ఆయనకి ఆనవు. అందుకని పసిపిల్ల గొంతు వినపడితే లేచి నిలబడి, అమ్మా ఒక్కమాట అని పిలిచేవాడు. కొందరు ఆగేవారు, కొందరు ముష్టివాడనుకుని పిల్లని అవతలి భుజానికి మార్చుకుని వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నం నేను వెళ్ళి ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి. తిండి తగ్గిపోయింది. మూడు వారాలకి మనిషి చొక్కాలో వేలాడుతున్నట్టయ్యాడు.

ఇక చూడలేక షాపావిడతో మాట్లాడాను. ఒక అబద్ధం చెబితే ఆయన బతుకుతాడన్నాను. ఆవిడ ఒప్పుకుంది. కథంతా నేనే అల్లి ఇచ్చాను. ఆ తల్లి వచ్చింది. కాగితం చదవనే లేదు, ఇంట్లో పెద్దావిడ చెప్పినట్టు అర చెంచానే పట్టింది. పిల్లకి జలుబు తగ్గింది. కింద రెండు పళ్ళు వచ్చాయి, కొంగు పట్టుకుని కొరుకుతోంది. వచ్చిన రోజు మంగళవారం మధ్యాహ్నం, రోజూలాగే మేం ఇంటికి వెళ్ళిపోయాక అని నోటికొచ్చింది చెప్పాను.

గురువారం నేను వెళ్ళేసరికి ఆవిడ చెబుతోంది. బాగా చెప్పింది. పళ్ళ దగ్గర నవ్వింది కూడా. బావ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"ఏ రోజన్నావమ్మా?"

"మంగళవారమండీ" అంది ఆవిడ. అని, నా వైపు చూసి ఆగిపోయింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మంగళవారం ఆ షాపుకి సెలవు. తలుపు మూసి ఉన్నా ఆ రోజు పొద్దున్నుంచి చీకటి పడేదాకా బావ ఒక్కడే ఆ మెట్టు మీద కూర్చున్నాడు. నేనే సాయంత్రం వెళ్ళి బలవంతాన లేపుకొచ్చాను.

ఆయన తల ఊపాడు. "మంచిదమ్మా. చల్లగా ఉండాలి ఆ పిల్ల" అన్నాడు. ఆవిడకి దణ్ణం పెట్టాడు. నా భుజం పట్టుకుని మెట్టు దిగాడు. దారిలో నేను ఏదేదో వాగాను. ఆయన ఊ కొడుతూ నడిచాడు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని మేనకోడలు ఫోను చేసి సంతోషంగా చెప్పింది. ఇక వెళ్ళడట మామయ్యా అంది.

మర్నాడు కూరలకని బజారు వైపు వెళ్ళాను. షాపావిడ ఇంకా తాళం తీస్తోంది. బావ అప్పటికే వచ్చి, ఆవిడ తలుపు తెరవడానికి అడ్డం లేకుండా మెట్టు చివరికి జరిగి కూర్చుంటున్నాడు.