గుర్రం పేరు తెలిస్తేనే

మా మంగతాయారక్క గుర్రం పేరు తెలియనిదే చారిత్రక నవల కొనదు. రాజు పేరు, రాజ్యం పేరు, ఆఖరికి నవల పేరు కూడా ఆవిడకు అక్కర్లేదు. అట్ట మీది వీరుడు కత్తి దూసి ఎంత గుడ్లురిమినా సరే, లోపల గుర్రం దొరికేదాకా పేజీలు తిప్పుతూనే ఉంటుంది.

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మావి ఎదురెదురు ఫ్లాట్లు. ఆవిడది కాకినాడ. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉద్యోగం. ఎంత చిన్న తప్పయినా ఆవిడ కన్నుగప్పి పోలేదు. అలాంటి మనిషి ఒకసారి పాత నవలనే కొత్త పేరుతో, కొత్త అట్టతో కొనుక్కొచ్చి మోసపోయింది. అప్పటినుంచి గుర్రాల మీద పడింది.

"లోపల చిన్నక్షరాల్లో పాత పేరు వేస్తారు కదక్కా, అది చూస్తే చాలదా?" అన్నాను.

"వేసేవాళ్లు వేస్తారే శాంతా. వెయ్యనివాళ్లనేం చెయ్యను? రాజుల కథలన్నీ ఒకటే. యుద్ధం, పెళ్లి, విషం. గుర్రమొక్కటే తేడా చూపిస్తుంది."

పుస్తకాల షాపు హెర్ ఫోగెల్, అంటే ఫోగెల్‌గారు, మొదట్లో ఈవిడకి గుర్రప్పందేల పిచ్చి అనుకున్నాడట. ఇప్పుడు కొత్త నవల రాగానే గుర్రం పేరు ఆయనే వెతికిపెట్టి, మర్యాదగా 'ఫ్రావ్' అని పిలిచి మరీ చెబుతాడు.

"ఇందులో నల్ల గుర్రం, ఫ్రావ్ తాయారు. పేరు ష్టుర్మ్."

"అయిపోయింది! ఆ నవల పోయినేడాదే వేరే పేరుతో వచ్చింది!"

పక్కవాళ్లు మోసపోతున్నా ఊరుకోదు. ఒకరోజు షాపులో ఓ పెద్దమనిషి రెండు లావుపాటి నవలలు పట్టుకుని నిలబడ్డాడు. అక్క వాటిని తిరగేసి, "రెండూ ఒకటేనండీ. రెండింట్లోనూ గుర్రం పేరు లీజ. నదిలో కొట్టుకుపోతుంది" అంది.

ఆయన మొహం పాలిపోయింది. "చచ్చిపోతుందా?"

"పోతుంది. దానికోసం రెండుసార్లు ఏడవడం ఎందుకు?" అని ఒకటి అరలో పెట్టేసింది.

మొన్న నవంబరులో జలుబు చేసి అక్క గొంతు పూర్తిగా పోయింది. ఆదివారం మధ్యాహ్నం నా తలుపు కొట్టి, ఓ నవల చేతిలో పెట్టి, గుసగుసగా చెప్పింది.

"కింద ఫ్రావ్ బ్రాంట్‌కి కాస్త చదివిపెట్టవే. బుక్‌మార్క్ పెట్టిన చోటి నుంచి."

ఫ్రావ్ బ్రాంట్ కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ. చూపు బాగా మందగించింది. మెట్ల మీద ఎదురైతే హలో అనడమే తప్ప నాకంతకు మించి పరిచయం లేదు.

"నువ్వావిడకి చదివి వినిపిస్తావా?"

"ప్రతి ఆదివారం. చారిత్రక నవలంటే ఆవిడకి ప్రాణం. ఆవిడెప్పుడో చదివేసిన నవలనే, కొత్త పేరు చూసి మోసపోయి, తెచ్చి చదివానొకసారి. మొహమాటానికి వారాల తరబడి నోరెత్తకుండా వింది పాపం! తెలిశాక నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ల నాన్న గుర్రాలు పెంచేవాడట. అందుకే కథలు మర్చిపోయినా గుర్రాల పేర్లు మర్చిపోదు. అవన్నీ అడిగి పెట్టుకున్నా."

"మరి ఈ నవలలు నీకిష్టం కాదా?"

"నాకా? రాజులంటేనే నాకు తలనొప్పి!"

కిందికి వెళ్లి చదవడం మొదలుపెట్టాను. ఫ్రావ్ బ్రాంట్ కళ్లు మూసుకుని వింటోంది. కాసేపటికి చూస్తే ఆవిడ పెదవులు కదులుతున్నాయి. నేను చదవబోయే మాట ఆవిడ నోట్లో ముందే ఉంది!

ఆపేసి అడిగాను. "ఇది మీరు చదివేశారు కదూ?"

ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుంది. "ఎప్పుడో. పేరు వేరు. ఇది కొత్త అనువాదం, గుర్రం పేరు కూడా మార్చేశారు. తాయారుకి ఎలా తెలుస్తుంది?"

"నేను చెప్పనా?"

"అస్సలు వద్దు. నా కోసం ఎంత వెతికి తెచ్చిందో! పైగా పోయినవారం రాణి కోటగోడ దిగే చోటు చదువుతుంటే ఆ పిల్ల గొంతు వణికింది. నేనెన్నిసార్లు చదివినా నాకంత భయం వెయ్యలేదు."

మళ్లీ చదివాను. ద్రోహి ఎవరో బయటపడగానే ఆవిడ గుండెమీద చెయ్యేసుకుని, "అయ్యో దేవుడా!" అంది. చక్కగా నటించింది.

పైకి వచ్చేసరికి అక్క శాలువా కప్పుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"ఇది ఆవిడ ఇదివరకు చదివింది కాదు కదా?" గాలి గొంతుతో అడిగింది.

"కాదక్కా. ద్రోహి ఎవరో తెలిసి అదిరిపోయింది."

అక్క మొహం వెలిగింది. పుస్తకం తీసుకుని లోపలికి వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది.

"ఎవడే వాడు? సేనాపతేనా? నాకు మొదట్నించీ వాడి మీదే అనుమానం!"