ఖోండలైటు సుక్రు

నా పేరు సుక్రు. మాది డుంబ్రిగుడకు రెండు కొండల అవతలి ఊరు. పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ తప్పి, ఆ విధంగా మండలంలో కాస్త పేరు తెచ్చుకున్నవాణ్ణి. అలాంటి నాకు 1996 చలికాలంలో ఉద్యోగం దొరికింది. మా కొండల్లో రాళ్లు పరిశీలించడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన వీరభద్రరావు గారు, దారి చూపడానికీ సంచి మొయ్యడానికీ నన్ను పెట్టుకున్నారు. ఆ కొలువు ఎనిమిదేళ్లు చేశాను గానీ చెప్పుకోదగ్గ పని చేసింది మొదటి ఏడాదే, అదీ తప్పుడు పని. చేరిన వారానికే సారు నా చేతికి సుత్తి ఇచ్చారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, నేను ఆ సుత్తిని పక్కలో పెట్టుకుని పడుకునేవాణ్ణి.

ఆయన దగ్గర పేర్లు నేర్చుకున్నాను. చారలు చారలుగా, ఎర్రటి గింజలతో ఉండే మా కొండరాయి ఖోండలైటు. ఆ గింజలు గార్నెట్. వేలికి నల్లగా అంటుకునేది గ్రాఫైటు. మా కొండల్లో ఉండే ఖోండు జనం పేరు మీదే ఆ రాయికి పేరు పెట్టారని తెలిశాక ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేరు. సంతలో అల్లం అమ్ముకునే ముసలమ్మలకు వాళ్లు కూర్చున్న రాయి పేరేమిటో చెప్పేవాణ్ణి. పాపం, లేచి వేరే రాయి మీద కూర్చునేవారు. దాని పేరూ చెప్పేవాణ్ణి. జనం నన్ను ఖోండలైటు సుక్రు అనసాగారు. అది ఎగతాళి అని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

ఎండకు ఎండి వానకు నానిన రాయి పైపొరను నమ్మకూడదనీ, పగలగొట్టి లోపల చూడాలనీ సారు చెప్పేవారు. ఒకరోజు ఆయన మా ఊరొచ్చారు. మా ఊరి మధ్య నిలువు రాళ్లున్నాయి. మనిషి పోయిన ఏడాదికో రెండేళ్లకో చుట్టాలంతా కలిసి కొండ మీంచి రాయి మోసుకొచ్చి, విందు చేసి, అక్కడ పాతుతారు. పోయినవాళ్లు ఇక అందులోనే ఉంటారని మావాళ్ల నమ్మకం. సారు టీ తాగుతుండగా నాకు ఒక రాయిలో గింజలు మహా ఎర్రగా కనిపించాయి. నా తెలివి చూపించాలనిపించింది. ఒక్క దెబ్బకు మూల విరగ్గొట్టి ఆయన చేతిలో పెట్టాను. అది ఎలాంటి రాయో ఆయనకు తెలియదు. నంబరు రాసి సంచిలో వేసుకున్నారు. తెలిసిన వెధవను నేనే.

సాయంత్రానికి మా అయ్య మంగ్లుకు సంగతి తెలిసింది. అరవలేదు. ఆ ముక్క తెచ్చేదాకా గడప తొక్కొద్దన్నాడు. నాలుగు నెలలు సోమన్న మామ పశువుల పాకలో ఉన్నాను. ఆవులకు రాళ్ల పేర్లు చెబుదామన్నా నోరు రాలేదు. అయ్య దారిలో ఎదురైతే తల తిప్పుకుని పోయేవాడు. అదొక్కటీ నేను తట్టుకోలేకపోయాను.

చివరికి సారును వెతుక్కుంటూ విశాఖపట్నం వెళ్లాను. ముక్కలో చాలా భాగం పొడి చేసి పరీక్షలకు వాడేశారట. మిగిలినదాన్ని వెంట్రుక కన్నా పలుచగా అరగదీసి గాజు పలక మీద అతికించారట. అది ఎలాంటి రాయో అప్పుడు సారుకు చెప్పాను. ఆయన ఆ గాజు పలకనూ, మిగిలిన చిటికెడు పొడినీ పొట్లం కట్టి ఇచ్చారు.

నేను ఊరికి తిరిగొచ్చేసరికి అయ్య ఆ రాయి దగ్గరే కూర్చుని ఉన్నాడు. నేనిచ్చిన గాజు పలకను ఎండకు ఎత్తి చూసి, ఇందులో ఏమేం ఉన్నాయని అడిగాడు. నాతో మాట్లాడాడు, అదే పదివేలు. క్వార్ట్‌జ్, గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ అని గడగడా అప్పజెప్పాను. పదో తరగతిలో ఏ ప్రశ్నకూ అంత బాగా జవాబు రాయలేదు.

అయ్య అంతా విన్నాడు.

"అన్నీ సెప్పినావు. ఈ రాయి ఎవులిదో సెప్పు."

నాకు తెలియదు. ఊళ్లో పుట్టి పెరిగి, ఒక్కసారి కూడా అడగలేదు.

"మీ అత్త యర్రమ్మది. మీ యమ్మ పోనాక నిన్ను ఈపుకి కట్టుకుని పోడు సేసినాది. నీకు మాటలు రాకముందే పోనాది."

సిగ్గుతో చచ్చిపోయాను. అయ్య రాయి మొదట్లో చిన్న గొయ్యి తీసి, పొడినీ గాజు పలకనూ అందులో పెట్టి మట్టి కప్పాడు.

"పిలు," అన్నాడు. "ఇంటాది."

నాకప్పటికి ఇరవై రెండేళ్లు. మొదటిసారి ఆవిడను "అత్తా" అని పిలిచాను.