మూలనున్న నీలం చుక్క

ఆరోగ్య ప్రదర్శనశాలలో వైరస్ ఎలా పాకుతుందో కంప్యూటర్ మీద చూపించేది ఆయనే. బట్టతల, మోచేతుల దగ్గర నునుపెక్కిన కోటు. తెర వెలిగించే ముందు ప్రతిసారీ కళ్లద్దాలను చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. వచ్చినవాళ్లను ఒకటే అడుగుతాడు: నిన్న ఎంతమందితో పదిహేను నిమిషాలకు తగ్గకుండా కూర్చుని మాట్లాడారు? ఆ అంకె కొట్టగానే తెర మీద వాళ్ల తరఫున ఒక నీలం చుక్క పుట్టి, అన్నే గీతలతో పక్క చుక్కలను అందుకుంటుంది. తర్వాత ఒక చుక్క ఎర్రబడుతుంది, గీతల వెంట ఎరుపు పాకుతుంది. మాస్కు మీట నొక్కితే నెమ్మదిస్తుంది. మొదటి చుక్క ఎప్పుడూ ఆయనది. అంకె సున్నా. ఏ గీతా లేని ఆ చుక్క ఏడేళ్లుగా మూలన నీలంగానే ఉంది.

మొన్న అందరూ వెళ్లిపోయాక ఒక ముసలావిడ నిలబడిపోయి, "ఆ మూల చుక్క ఎవరిది నాయనా? దానికేం కాలేదే" అంది.

"నాదేనమ్మా. నాకు అంటుకునే భయం లేదు."

"ఇప్పుడు నాతో మాట్లాడుతున్నావుగా. ఒక గీత గియ్యి."

"పదిహేను నిమిషాలైతేనే లెక్కమ్మా."

ఆవిడ గోడ గడియారం చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే, చెప్పు. ఇంట్లో ఎవరెవరుంటారు?"

మర్నాడు ఆయన తన చుక్కకు ఒకటి అని కొట్టాడు. కాసేపటికే అది ఎర్రబడింది. జనం చూస్తుండగా మాస్కు మీట మీద వేలు పెట్టి, నొక్కడం మరిచిపోయి, ఆ ఎర్ర చుక్కనే చూస్తూ నిలబడ్డాడు.