గేదెకు ఆవిరి పట్టిన రోజులు

మొన్న మా మనవరాలి పిల్లికి దగ్గు పట్టుకుంటే దిల్‌సుఖ్‌నగర్‌లో జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ దాని మూతికి బుల్లి మాస్కు తగిలించి నెబ్యులైజర్ ఆన్ చేసింది. మందు పొగలా బుసబుసా వస్తుంటే, ఇంట్లో నన్ను రక్కి పెట్టే ఆ పిల్లి పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా ఒద్దికగా కూర్చుంది. నాకు నవ్వాగలేదు. "నవ్వుతావేంటి అమ్మమ్మా?" అని మనవరాలు కసిరింది. దానికేం తెలుసు, మా అత్తగారు గేదెకు గోనెసంచి మాస్కు పెట్టిన సంగతి!

అప్పటికి అల్మాస్‌గూడ సగం ఊరు, సగం కాలనీ. గుంటూరు వైపు నుంచి వచ్చి ఒక పెంకుటింట్లో సగభాగం కిరాయికి తీసుకున్నాం. రెండో సగంలో ఓనరమ్మ, వెనక కొట్టంలో ఆమె గేదె. దాని పాలే మాకూ, చుట్టుపక్కల నాలుగిళ్లకూ. మా అత్తగారికి ఒక పాడలవాటుండేది. పాలు గిన్నెలో పడగానే, నీళ్లు కలిపారేమోనని ఒక చుక్క బొటనవేలి గోటి మీద వేసుకుని, నిలుస్తుందా జారుతుందా అని చూసేవారు. అదీ పాలు పోసిన మనిషి ఎదురుగానే! నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఓనరమ్మ మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, "సూడు పెద్దమ్మా, అద్దాలు పెట్టుకొని మంచిగ సూడు" అనేది. మూడేళ్లపాటు రోజూ ఇదే తంతు.

ఒక వానాకాలం గేదె దగ్గడం మొదలుపెట్టింది. ఆ రోజు ఓనరమ్మ, కాస్త మేత వెయ్యమని మాకు చెప్పి, పెద్ద అంబర్‌పేట్‌లో చెల్లెలింటికి వెళ్లింది. మా ఇంట్లో ఎవరు దగ్గినా అత్తగారు శొంఠి, మిరియాలు, వాము వేసి కషాయం కాచేవారు. ఆ కషాయం తప్పించుకున్నది మా గోడ గడియారం ఒక్కటే. ఇక గేదె ఎక్కడ తప్పించుకుంటుంది? చూరులోంచి వెదురు గొట్టం తీశారు. నన్ను దాని తల పైకెత్తి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను, బుద్ధి లేక. సగం పోశారో లేదో, పాపం అది పొలమారి ఉక్కిరిబిక్కిరైంది. కషాయం ముక్కులోంచి వచ్చింది.

రెండో రోజుకల్లా జ్వరం. నెమరు లేదు, మేత లేదు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఓనరమ్మ తిరిగొచ్చి కబురు పెడితే, పశువుల దవాఖాన డాక్టరు వచ్చి, స్టెతస్కోపు పెట్టి విని, "నోట్లె ఎవరన్న ఏమన్న పోసిండ్రా?" అని అడిగాడు.

"నేనైతే ఏం పొయ్యలే సారూ" అంది ఓనరమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

నిజం చెప్పాలంటే నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమోనని భయం. అత్తగారే ముందుకొచ్చారు. "నేనే పోశాను బాబూ. కషాయం."

"దగ్గే గొడ్డుకు గొట్టంతోని పోస్తే కడుపులకు గాదమ్మా, ఊపిరితిత్తులల్లకు పోతది" అన్నాడాయన. మెడకు సూది వేశాడు. అయిదు రోజులు రోజూ వెయ్యాలన్నాడు. దగ్గు పొడిని బెల్లంలో ముద్ద చేసి నాలుకకు రాయమన్నాడు. రెండు పూటలా నీలగిరి తైలంతో ఆవిరి పట్టమన్నాడు. సూదిమందు పాలలోకి దిగుతుందని, సూదులు పడినన్నాళ్లూ, ఆపైన ఇంకో నాలుగు రోజులూ ఆ పాలు ఎవరికీ పొయ్యొద్దన్నాడు.

ఆయన వెళ్లాక ఓనరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "మంచికే పోసినవ్ గద పెద్దమ్మా. నిలబడి ఏం జేస్తవ్, నీళ్లు కాగవెట్టుపో" అంది.

అంతే, అత్తగారు కొట్టంలోనే కాపురం పెట్టారు. వేడినీళ్ల బకెట్టు, గేదె మూతి చుట్టూ గోనెసంచి, పక్కన పీట మీద ఈవిడ. "పీల్చవే తల్లీ, గట్టిగా పీల్చు, నా పరువు నిలబెట్టు" అని బతిమాలేవారు. మూడో రోజు గేదె నాలుగు గడ్డిపరకలు నమిలితే, మా ఇంట్లో పాయసం వండారు. అదీ పక్కవీధి నుంచి తెచ్చిన పాలతో!

ఎందుకంటే గేదె ఇచ్చిన కాసిన్ని పాలూ ఓనరమ్మ రోజూ మోరీలో, మురిక్కాలవలో పారబోసేది. జ్వరం తగ్గి గిన్నె నిండా ఇస్తున్నా అంతే. చూడలేక, "ఇక పొయ్యొచ్చుగా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను నేను.

"నాకు ఎరుకే గదనే. పోరగాండ్లు తాగే పాలు" అందామె, గిన్నె వంచుతూ. అత్తగారు గోనెసంచి మడత పెడుతున్నవారల్లా ఆగిపోయారు.

పదో రోజు పొద్దున ఓనరమ్మ పాలు పోసి, అలవాటుగా నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. అత్తగారు గిన్నెను తిన్నగా పొయ్యి మీద పెట్టేశారు.

"ఏంది పెద్దమ్మా, ఇయ్యాల సుక్క ఏసుకొని సూడవా?"

"చాల్లే నీ వేళాకోళం. కూర్చో, కాఫీ కలుపుతా" అన్నారు అత్తగారు.

ఇప్పుడా కొట్టం చోట నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. వాళ్లిద్దరూ లేరు. పాలు ప్యాకెట్లలో వస్తాయి, ఎవరు పిండారో తెలియదు. పిల్లి మాత్రం కులాసాగా ఉంది, నిన్ననే నన్ను మళ్లీ రక్కింది. మూడేళ్లపాటు రోజూ గోటి మీద చుక్క వేసుకుని చూసినా అత్తగారికి తెలియని మనిషి, మోరీలో పాలు పోసిన ఆ తొమ్మిది రోజుల్లో తెలిసింది.